ఆటలో అరటిపండు

తెలుగు వాకిళ్ళలో పిల్లల ఆటకు ఒక పాత రివాజు ఉంది. అన్నల వెనక, అక్కల వెనక తోకలా వచ్చిన నాలుగేళ్ళ బుడ్డోణ్ణి ఆటలోంచి వెళ్ళగొట్టరు. వాడు ‘ఆటలో అరటిపండు’. వాడూ అందరితో పాటు ఉరుకుతాడు, దాక్కుంటాడు, కేకలు పెడతాడు. దొరికినా దొంగ కాడు, ఔటైనా గీత దాటి బయట కూర్చోడు. లెక్కకు రాని మనిషిని తక్కువ చేసి మాట్లాడడానికి ఈ నుడికారాన్ని ఇవాళ వాడుతున్నాం గానీ, పుట్టినప్పుడు దానిలో చిన్నచూపు లేదు. చిన్నవాడు ఆట నేర్చుకునేదాకా ఓటమి బరువు వాడి మీద పడకుండా పెద్ద పిల్లలు చేసుకున్న ఏర్పాటు అది. దానికి తోడు ఇంకొకటి ఉంది: ఉజ్జీ. జట్లు పంచుకునే ముందు ఇంచుమించు సమానమైన బలం ఉన్నవాళ్ళు ఇద్దరిద్దరుగా జత కడతారు. కాస్త పక్కకు పోయి దొంగపేర్లు పెట్టుకుని వస్తారు. ఇద్దరు నాయకులు ఆ పేర్లలోంచి ఒక్కొక్కటి కోరుకుంటారు. ఎవడు ఎటు పోయినా రెండు జట్ల బలం సమంగానే ఉంటుంది. చిర్రగోనె ఆడినా కబడ్డీ ఆడినా ఈ రెండు కట్టుబాట్ల వల్లే ఆట చీకటి పడేదాకా సాగింది. వీటిని ఏ పెద్దమనిషీ రాయలేదు, ఏ సంఘమూ ఆమోదించలేదు.

పిల్లల క్రీడల్లో ‘పిల్లలే ముందు’ అనే శిక్షణ పద్ధతి గురించి ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుతోంది. గెలుపు కంటే పిల్లల ఎదుగుదల, భద్రత, ఆనందం ముందు రావాలనీ, పెద్దల క్రీడను చిన్న సైజులో కుట్టి పిల్లలకు తొడగకూడదనీ దాని సారం. ఇది విదేశాల నుంచి దిగిన సరుకు అనీ, సంగారెడ్డి, పటాన్‌చెరు లాంటి చెమట పట్టే చోట్లకు నప్పదనీ ఒక అభిప్రాయం ఉంది. ఈ ప్రాంతపు గతం నాకు ఇంకోలా కనబడుతుంది. పిల్లవాణ్ణి ముందుపెట్టే ఆట ఇక్కడ వాడుకలో ఉండింది. హైదరాబాదులో ఒక బడిపంతులు దాన్ని శాస్త్రంగా కూడా మలిచాడు. కానీ ఆ పద్ధతి వాకిలి నుంచి మైదానానికి, మనిషి నుంచి సంస్థకు ఎక్కలేదు. పరిశ్రమలు వచ్చిన ఈ అరవై ఏళ్ళలో పిల్లల ఆట ఎప్పుడూ పెద్దల మరో అవసరానికి అనుబంధంగానే నడిచింది: కంపెనీ పేరు కోసం, ఎంపిక కోసం, ఉద్యోగం కోసం, నాయకుడి బ్యానర్ కోసం. కాబట్టి మంచి కోచ్‌లు దొరకాలని కోరుకోవడం చాలదు. మైదానం ఎవరిది, కోచ్‌కు జీతం దేనికి వస్తుంది, పోటీ నియమాలు ఎవరి కొలతతో రాస్తున్నారు అనే మూడు ప్రశ్నలకు జవాబు మారితే తప్ప ఆ పద్ధతి ఇక్కడ వేరు పట్టదు.

బడిలో ఆట మనకు డ్రిల్లుగా వచ్చింది. మద్రాసులో హారీ క్రో బక్ 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల పెట్టాక దక్షిణాదిన వ్యాయామ ఉపాధ్యాయుడు అనే వృత్తి ఒక రూపానికి వచ్చింది. అది గొప్ప మేలే. అయినా బడికి చేరేసరికి ఆ వృత్తికి మిగిలిన పేరు ‘డ్రిల్లు మాస్టారు’. వరసలో నిలబెట్టడం, ఈల వేయడం, ప్రార్థనలో అల్లరి చేసేవాణ్ణి పట్టుకోవడం ఆయన పని అయిపోయింది. పట్టాలున్నా, ఆట తెలిసినా, బడికి ఆయన అవసరం పడింది క్రమశిక్షణ కోసమే. ఇప్పటికీ పీఈటీ సార్ రాకపోతే ఆటల గంటను లెక్కల సార్ తీసుకోవడం, లెక్కల సార్ రాకపోతే పిల్లలను కూర్చోబెట్టడానికి పీఈటీ సార్‌ను పంపడం మన బడుల్లో మామూలు సంగతి.

ఈ వరసకు భిన్నంగా నిలబడ్డ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టి, బడిపంతులుగా బతుకు మొదలుపెట్టి, తర్వాత వ్యాయామ విద్య చదివి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ భారత ఫుట్‌బాల్ జట్టుకూ శిక్షకుడైనవాడు. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కాలం నాటివి. ఈ పతకాల వెలుగులో మరుగున పడ్డ పని ఒకటుంది. కుర్రాళ్ళ కోసం రహీం విచిత్రమైన నియమాలతో పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతి కాలికి తగలగానే పక్కవాడికి అందించాల్సిందే. ఇంకో పోటీలో బలమైన కాలు వాడకూడదు, వాటం కాని కాలితోనే ఆడాలి. మరో పోటీలో ఎత్తుకు పరిమితి. ఫలానా ఎత్తు మించితే ప్రవేశం లేదు. వీటి తర్కం చూడండి. డ్రిబ్లింగ్ నిషేధిస్తే ఒక్క మొనగాడు బంతిని తనదగ్గరే పెట్టుకోలేడు, పదకొండుమందికీ బంతి అందుతుంది. వాటం కాని కాలి పోటీలో అందరూ మళ్ళీ నేర్చుకునేవాళ్ళే గనక తప్పు చేయడం సిగ్గు కాకుండా పోతుంది. ఎత్తు పరిమితి పెడితే ముందుగా ఎదిగిన పిల్లవాడు ఒళ్ళు బలంతో పొట్టివాణ్ణి తోసెయ్యలేడు. మన ఉజ్జీ పద్ధతినే ఆయన పోటీ నియమంగా మార్చాడు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అకాడమీలు వయసును బట్టి కాక శరీరం ఎదిగిన తీరును బట్టి పిల్లలను జట్లు కట్టే పద్ధతిని 2015 ప్రాంతంలో పరీక్షించినప్పుడు అదొక ఆవిష్కరణగా ప్రచారమైంది. దాదాపు ఆరు దశాబ్దాల ముందే హైదరాబాదులో ఒక మాస్టారు అదే ఆలోచన చేశాడు.

రహీం 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. భారత జట్టు ఆ తర్వాత ఇప్పటివరకు ఆసియా క్రీడల బంగారం మళ్ళీ చూడలేదు. హైదరాబాదు ఫుట్‌బాల్ కూడా క్రమంగా తన పాత తేజం పోగొట్టుకుంది. దీనికి కారణాలు ఎన్నో ఉన్నాయి, అంతా ఒక్క మనిషి మరణం మీద పెట్టడం సబబు కాదు. అయినా ఆ కుర్రాళ్ళ పోటీల గతి ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. అవి రహీం తలలో ఉన్నాయి, సంఘం నియమావళిలో లేవు. సికింద్రాబాదు పక్కనున్న అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ అనే పేద యువకుడికి శిక్షణకు వచ్చిపోయే ఖర్చు రహీమే ఇచ్చేవాడని బలరామ్ తర్వాత చెప్పుకున్నారు. ఆ సహాయమూ గురువు జేబులోంచి వచ్చినదే. మంచి గురువు ఉన్నంతకాలం పద్ధతి ఉంది, ఆయనతోనే పోయింది. ఒక పద్ధతి సమాజంలో పాతుకోవడం అంటే ఏమిటో, పాతుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి మనకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం లేదు.

రహీం పోయిన ఆ కాలంలోనే హైదరాబాదుకు పడమట, బొంబాయి రహదారి పొడుగునా నేల స్వభావం మారడం మొదలైంది. రామచంద్రాపురంలో 1960లలో బీహెచ్ఈఎల్ కర్మాగారం లేచింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. 1973లో పారిశ్రామికవాడలు వేసే ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ ఏర్పడింది. ఆ దశకంలోనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఆ తర్వాత బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం వరస కట్టాయి. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక ఈ ప్రాంతానికి ఊపు పెరిగింది. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం పెట్టారు. పిల్లల ఆట దృష్టితో చూస్తే ఇక్కడ రెండు వేరువేరు చరిత్రలు పక్కపక్కనే నడిచాయి. ప్రభుత్వరంగ సంస్థ తనతో పాటు టౌన్‌షిప్‌ను కట్టుకుంది: క్వార్టర్లు, బడి, ఆస్పత్రి, క్లబ్బు, వాటి నడుమ మైదానం. అక్కడ ఉద్యోగి పిల్లవాడికి సాయంత్రం 5 గంటలకు ఆడుకునే చోటు ఉందా అనే ప్రశ్నే పుట్టలేదు. ప్లాట్లు వేసి అమ్మిన పారిశ్రామికవాడ సంగతి వేరు. దాని నక్షాలో రోడ్లు, కరెంటు, నీళ్ళు, షెడ్లు ఉన్నాయి. షెడ్డులో పనిచేసేవాడు ఎక్కడ కాపురం పెడతాడో, వాడి పిల్లలు ఎక్కడ ఆడతారో అనేది ఆ నక్షా గీసినవాళ్ళ పని కాకుండా పోయింది. కార్మికులు ఇస్నాపూర్‌లో, ముత్తంగిలో, బొల్లారంలో అద్దె గదుల వరసల్లో సర్దుకున్నారు. మొదట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, తర్వాత శ్రీకాకుళం వైపు నుంచి, ఆ తర్వాత ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి వచ్చారు. ఊరి ఉమ్మడి జాగలు, చెరువు శిఖం, కోత అయిపోయిన పొలం పిల్లలకు సహజ మైదానాలుగా ఉండేవి. వాటిలో కొన్ని ప్లాట్లయ్యాయి, కొన్ని రసాయనాల పాలయ్యాయి. నక్కవాగు కలుషితమైన కథ 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిం లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించినప్పుడు ఈ ఊరి పేరు ప్రపంచ శాస్త్ర పత్రికలకు ఎక్కింది. పంట నష్టానికి పరిహారం లెక్క కట్టారు, తాగునీటి గొట్టాలు వేశారు. అవి న్యాయమైనవే, నిజానికి చాలనివి. కానీ పోయిన ఆట జాగకు లెక్క ఏ ఫైలులోనూ రాలేదు. పిల్లల తరఫున ఆ నష్టాన్ని చెప్పుకునే నోరు ఎవరికీ లేకపోయింది.

జాగ పోయాక ఆట పోలేదు, వేషం మార్చుకుని తిరిగొచ్చింది. ఒకటి, టోర్నమెంటు. పండగకో, నాయకుడి పుట్టినరోజుకో, ఎవరి జ్ఞాపకార్థమో నాలుగు రోజులు మైదానం బాగుపడుతుంది, మైకు మోగుతుంది, ట్రోఫీ చేతులు మారుతుంది, ఐదోరోజు పొద్దున మళ్ళీ లారీలు నిలుస్తాయి. రెండోది, వేసవి శిబిరం. మే నెల ఎండలో పొద్దున రెండు గంటలు, జూన్ 12న బడి తెరిస్తే ఆట బందు. మూడోది, ఎంపిక. 1993లో హకీంపేటలో క్రీడా పాఠశాల మొదలైంది. పరుగు, దూకడం, ఎత్తు కొలిచి పిల్లలను ఏరుకుని వసతి, చదువు, శిక్షణ ఇచ్చే సంస్థ అది. దాని వల్ల మారిన జీవితాలు నిజమైనవి. ఈ మూడింటికీ ఉమ్మడి గుణం ఒకటే: ఎవరు పనికొస్తారో తేల్చడం. మిగిలిన పిల్లలు ఏమైనట్టు అనేది వాటి లెక్కలో లేని సంగతి. ఇక కోచ్ పరిస్థితి చూస్తే ఆయన్ను నిందించబుద్ధి కాదు. శిబిరానికి ఎంతమంది వచ్చారు, జిల్లా జట్టుకు ఎంతమంది ఎక్కారు, పతకాలు ఎన్ని అనే మూడు అంకెల మీదే ఆయన మరుసటి ఏడాది కొనసాగింపు ఆధారపడి ఉంటుంది. 10 ఏళ్ళ పిల్ల ఆట మానేయకుండా 15 ఏళ్ళకు కూడా ఆడుతూ ఉందన్న సంగతి ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. పైగా ఎంపిక పుట్టించే చెడు అలవాటు ఒకటుంది. ముందుగా ఎదిగిన పిల్లవాడే గెలుస్తాడు గనక పుట్టినతేదీ వెనక్కు జరుగుతుంది. కాగితం మీద 13, ఒంటి మీద 16. వయసు మోసాలను ఆపడానికి కేంద్రం ఒక జాతీయ నియమావళే తేవాల్సి వచ్చింది. ఎత్తు గీత పెట్టి ఆడించిన రహీంకు ఈ బెడద ఉండదు. ఎత్తును సర్టిఫికెట్‌తో తగ్గించలేరు.

ఎంపికకు మించిన పని సంస్థలు చేయగలవని చూపిన ఘట్టం కూడా మన దగ్గరే ఉంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ఎనిమిది రోజుల ముందు, 2014 మే 25న, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ తోడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. మొదట భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగ్‌లో, ఆ తర్వాత లద్దాఖ్ చలిలో నేర్చుకుని అక్కడికి చేరారు. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్ళ లోపువాళ్ళకు అనుమతి లేదు గనక టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. ఆ పిల్ల ధైర్యం ముందు నేను తల వంచుతాను. గిరిజన కుటుంబంలో పుట్టిన ఆడపిల్లకు ప్రపంచం ఎత్తు ఎంతో చూపిన గురుకులాల ఊహకూ అంతే. అయినా ఒక వైపు మూసి ఉన్న వయసు తలుపు ఇంకోవైపు తెరిచి ఉందంటే, ఆ తెరిచిన తలుపు గుండా పోవాలన్న నిర్ణయం పెద్దలదే. 13 ఏళ్ళ వయసులో ఆ ఎత్తున ప్రాణవాయువు ఎంత ఉంటుందో తూచి ‘సరే’ అనడం ఆ వయసుకు మించిన భారం. అందుకే ఆ చరిత్రలో నాకు శిఖరం కంటే భువనగిరి రాయి ముఖ్యంగా కనిపిస్తుంది. అంతకుముందు తాడు కట్టుకుని కొండ ఎక్కే ఆట సంక్షేమ వసతి గృహపు పిల్లలకు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. అక్కడ వందమంది ఆ రాయి ఎక్కారు. పత్రికలు రాసింది ఇద్దరి గురించి.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. ‘ఆనందం, ఎదుగుదల అనేవి కడుపు నిండిన ఇళ్ళ మాటలు. పాశమైలారం కూలీ కొడుక్కు ఆట అంటే స్పోర్ట్స్ కోటా, పోలీసు ఉద్యోగం, రైల్వే ఉద్యోగం. పతకం రాకపోతే వాడికి ఆట ఎందుకు?’ ఈ వాదనను ఈ ప్రాంతం ఇంతకుముందు ఒకసారి వినే ఉంది. 1991లో పొరుగునే రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పనిపిల్లలను బడికి తెచ్చే ఉద్యమం మొదలుపెట్టినప్పుడు అందరూ అన్న మాట ఇదే: పేదవాడి పిల్ల పని చేయక తప్పదు, ఆ ఇంటికి ఆ కూలి కావాలి. శాంతా సిన్హా, ఆమె సహచరులు ఆ వాదనను ఒప్పుకోలేదు. బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టేనన్నారు. శిబిరాలు పెట్టారు, ఊరి పెద్దలను, పంతుళ్ళను, యువకులను కూడగట్టారు. తల్లిదండ్రులు తమ పిల్లలను చదివించుకోవాలనే కోరుకుంటారని, దారి లేక ఆగిపోతున్నారని వేలాది ఇళ్ళలో రుజువు చేశారు. ఆ పనికే 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. పేదరికం పేరుతో పిల్లల శ్రమను సమర్థించిన తర్కమే పతకం పేరుతో మళ్ళీ వస్తోంది. ఇంటి కష్టం తీర్చే బాధ్యత 11 ఏళ్ళ పిల్ల మోకాళ్ళ మీద పెట్టడం రెండుచోట్లా ఒకటే. పైగా లెక్క కూడా పొసగదు. కోటా ఉద్యోగాలు గుప్పెడు, ఆశపడే పిల్లలు వేలు. మిగిలిన వేలమందికి ఆ ఆట ఏమిచ్చినట్టు? గాయమూ, ‘నువ్వు పనికిరావు’ అనే మాటా తప్ప ఏమీ ఇవ్వని ఏర్పాటును పేదవాడి పేరు చెప్పి కాపాడడం న్యాయం కాదు. ఆ పిల్లవాడికి ఉద్యోగం ఎంత అవసరమో, 40 ఏళ్ళ వయసులో రెండు షిఫ్టులు తట్టుకునే ఒళ్ళు, నలుగురితో కలిసే గుణం కూడా అంతే అవసరం.

రెండో అభ్యంతరం విజేతల వైపు నుంచి. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధును చూపిస్తారు. 8 ఏళ్ళకు రాకెట్ పట్టింది, సికింద్రాబాదు వైపు ఇంటి నుంచి గచ్చిబౌలి అకాడమీకి రోజూ పదుల కిలోమీటర్లు ప్రయాణం చేసింది, 2016 ఒలింపిక్స్‌లో రజతం, తర్వాత టోక్యోలో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడే బిగించకపోతే అలాంటివాళ్ళు వస్తారా? నిజమే, ఆమె అలాగే వచ్చింది. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి పి.వి. రమణ 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు. పిల్ల ఒళ్ళు ఎంత భరిస్తుందో, ఎప్పుడు ఆపాలో తెలిసిన ఇల్లు అది. ఆ ఇల్లు లేని పిల్లకు ఆ గంటలు మాత్రమే ఇస్తే ఫలితం వేరు. ఒక్క ఉదాహరణను పక్కనపెట్టి పెద్ద లెక్క చూద్దాం. జర్మనీ పరిశోధకుడు ఆర్నే గ్యూలిష్, ఆయన సహచరులు 2021లో అనేక అధ్యయనాలను కలిపి 6,096 మంది క్రీడాకారుల బాల్యాన్ని పరిశీలించారు. వాళ్ళలో 772 మంది ప్రపంచ అగ్రశ్రేణివాళ్ళు. పెద్దయ్యాక ప్రపంచ స్థాయికి చేరినవాళ్ళు దేశ స్థాయిలో ఆగిపోయినవాళ్ళ కంటే చిన్నప్పుడు ఎక్కువ ఆటలు ఆడారు, తమ ప్రధాన ఆటను ఆలస్యంగా మొదలుపెట్టారు, తొలి దశలో మెల్లగా ఎదిగారు. చిన్న వయసులోనే మెరిసినవాళ్ళ కథ దీనికి తలకిందులుగా ఉంది. నార్వే 1987లోనే పిల్లల క్రీడలకు నియమాలు చేసుకుంది, 2007లో వాటిని హక్కులుగా ప్రకటించింది. 11 ఏళ్ళ లోపు పిల్లల పోటీల్లో ఫలితాల పట్టికలు ఉండవు, 13 ఏళ్ళ లోపువాళ్ళకు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు లేవు. దాదాపు 54 లక్షల జనాభా ఉన్న ఆ దేశం 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలు గెలిచింది. నార్వే ధనిక దేశం, అక్కడి మంచు మైదానాలు మనకు ఎక్కడివి అంటారు. మైదానాలకు డబ్బు కావాలి, ఒప్పుకుంటాను. ఎనిమిదేళ్ళవాళ్ళ పట్టికను బోర్డు మీద రాయకుండా ఉండడానికి మాత్రం ఏ దేశానికీ ఖర్చు కాదు.

మూడోది క్రమశిక్షణ. ‘కొట్టకపోతే, తిట్టకపోతే పిల్లలు వింటారా? రహీం మాత్రం మెత్తని మనిషా?’ మెత్తనివాడు కాడు, కట్టుదిట్టమైన మనిషని ఆయన దగ్గర ఆడినవాళ్ళు చెప్పారు. ఆ కట్టుదిట్టం సమయానికి రావడంలో, బంతిని పక్కవాడికి అందించడంలో ఉంది. పిల్లవాణ్ణి ముందుపెట్టడం అంటే వాడి ఇష్టానికి వదిలెయ్యడమని అర్థం చేసుకోవడం వల్ల ఈ చర్చ ఎప్పుడూ పక్కదారి పడుతోంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. పొద్దున ఆరింటికి మైదానంలో నడిచే ప్రైవేటు శిబిరం బడి కాదు గనక ఆ సెక్షన్ నీడ అక్కడికి చేరదు. అదుపు లేని గురుభక్తి ఎక్కడికి పోతుందో పొరుగున ఒడిశాలో చూశాం. 2006లో బుధియా సింగ్ అనే నాలుగేళ్ళ పిల్లవాడి చేత పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు పరుగెత్తించారు, దేశం చప్పట్లు కొట్టింది. తర్వాత ప్రభుత్వం అడ్డుపడాల్సి వచ్చింది. ఆ పిల్లవాడి మురికివాడ బతుకును మార్చింది తన గురువేనని నమ్మినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. మంచి ఉద్దేశం ఉన్న పెద్దమనిషి మీద కూడా ఒక కన్ను ఉండాలి, పిల్లవాడు భయం లేకుండా ‘ఇవాళ నావల్ల కాదు’ అని చెప్పుకునే చోటు ఉండాలి.

ఆ చోటు ఇక్కడ ఎలా ఏర్పడుతుంది? 2022 జూన్ 2న తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టింది. ఎకరం, అంత లేకపోతే అర ఎకరం. ఖోఖో, కబడ్డీ, వాలీబాల్ కోర్టులు, లాంగ్ జంప్ గుంట, వ్యాయామానికి ఇనుప కడ్డీలు. నా లెక్కన పిల్లల ఆటకు ఉమ్మడి జాగ కావాలని పాలన ఒప్పుకున్న పెద్ద సందర్భం ఇది, దాన్ని చిన్నబుచ్చకూడదు. కానీ బోర్డు నిలబడ్డ చోటల్లా ఆట నిలబడలేదు. ఊరికి దూరంగా మిగులు భూమిలో పెట్టిన ప్రాంగణానికి ఆడపిల్ల సాయంత్రం నడిచిపోలేదు. ప్రాంగణం ఉంది, అక్కడ రోజూ ఉండే మనిషి లేడు. ఆ మనిషి దొరకని వాడేమీ కాదు. వందమంది పిల్లలు దాటిన ప్రాథమికోన్నత పాఠశాలకు వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతోంది. బడిలో ఆ పోస్టు, ఊరిలో ఈ ప్రాంగణం, రెండూ కాగితం మీద ఉన్నాయి. ఒకే మనిషికి మధ్యాహ్నం బడినీ సాయంత్రం ప్రాంగణాన్నీ అప్పగించి, జీతం పతకాల మీద కాక ఏడాది పొడుగునా వచ్చే పిల్లల సంఖ్య మీద, అందులో ఆడపిల్లలెందరు, వలస కార్మికుల పిల్లలెందరు అన్న లెక్క మీద ఆధారపడేలా చేస్తే కోచ్ చూపు దానంతటదే మారుతుంది. ఇస్నాపూర్ అద్దె గదుల్లో ఉన్న ఒడియా పిల్లవాడికి బడిలో తెలుగు రాకపోవచ్చు గానీ కబడ్డీ గీత దగ్గర భాష అడ్డం కాదు. పనివేళలు కూడా లెక్కలోకి రావాలి. మధ్యాహ్నం రెండింటికి బీ షిఫ్టుకు పోయిన తల్లి రాత్రి పదికి గానీ ఇంటికి రాదు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఆ పిల్లలకు పెద్దదిక్కు లేదు. ఆ మూడు గంటలు ప్రాంగణంలో దీపం, మంచినీళ్ళు, మూత్రశాల, పేరు పెట్టి పిలిచే ఒక మనిషి ఉంటే చాలు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సొమ్ములోంచి ట్రోఫీలకు, టీషర్టులకు పోయే భాగం ఈ మూడు గంటలకు మళ్ళవచ్చు. రసాయనాల వాసన ఘాటుగా ఉన్న సాయంత్రం పరుగు ఆపించే అధికారమూ ఆ మనిషికే ఉండాలి, ఎందుకంటే ఉరికే పిల్లవాడు నడిచే పెద్దవాడి కంటే ఎక్కువ గాలి పీలుస్తాడు.

ఇక పోటీ. మండల స్థాయి అండర్ 12 పోటీలకు నియమాల కాగితం రాసేవాళ్ళు ఆ ఊళ్ళ పీఈటీలే. అందులో మూడు వాక్యాలు చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు: జట్టులో ప్రతి పిల్లా సగం సమయమైనా ఆడాలి, పిల్లలను తరగతిని బట్టి కాక ఎత్తును బట్టి ఉజ్జీలుగా కట్టాలి, అందరికంటే చిన్నవాళ్ళు ఔటైనా ఆటలోనే ఉండాలి. సర్టిఫికెట్లు తిరగేసే పని తప్పుతుంది. బడి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసి, పిల్లలను ఒక్కొక్కరినీ దాని కింద నిలబెట్టి చూస్తే సరిపోతుంది.